మీ ప్రశ్నలు – మా జవాబులు: సొంతంగా అమర్చుకున్న కంప్యూటరుకు బయోస్ సర్దుబాట్లు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు తాము విడిభాగాలు కొని అమర్చుకున్న కంప్యూటర్ల గురించి రాసిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. విశాఖలోనో, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో సామాను కొని రైల్లోనో బస్సులోనో ఊరికి తెచ్చుకునే వారికి, ఏదైనా తేడా వచ్చినప్పుడు మళ్లీ ఆ దుకాణం దాకా వెళ్లడమంటే ఒక రోజు పని, దారిఖర్చు రెండూ పోవడమే. అందువల్ల ఈ జవాబులన్నింటిలోనూ వేగం కంటే నిలకడకే మొదటి స్థానం ఇచ్చాను. బయోస్ అంటే మదర్‌బోర్డులోనే ఉండి, విండోస్ కంటే ముందే నడిచి, కంప్యూటరు భాగాలను సిద్ధం చేసే ప్రోగ్రాము. కంప్యూటరు ఆన్ చేసిన వెంటనే డెలిట్ లేదా ఎఫ్2 మీటను నొక్కుతూ ఉంటే అది తెరుచుకుంటుంది. ఒకే సర్దుబాటును ఒక్కొక్క మదర్‌బోర్డు కంపెనీ ఒక్కొక్క పేరుతో, ఒక్కొక్క పేజీలో పెడుతుంది కాబట్టి, నేను చెప్పిన పేరు యథాతథంగా కనిపించకపోతే బోర్డుతో వచ్చిన పుస్తకంలో దానికి దగ్గరి పేరును వెతకండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఏ520 మదర్‌బోర్డు, 3200 వేగమని రాసి ఉన్న రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లతో కంప్యూటరు అమర్చుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒక ర్యామ్ మొదట కొన్నది, రెండోది కొన్ని నెలల తర్వాత వేరే కంపెనీది తీసుకున్నాను. టాస్క్ మేనేజర్‌లో వేగం 2400 అనే కనిపిస్తోంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే 3200 వస్తోంది కానీ, గంటా రెండు గంటల్లో బ్లూ స్క్రీన్ పడుతోంది. ఆపేస్తే ఇబ్బంది లేదు. దుకాణదారు దాని జోలికి వెళ్లవద్దంటున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: దుకాణదారు చెప్పినట్లు చేస్తే కంప్యూటరు ఆగకుండా నడుస్తుంది, కానీ మీరు డబ్బు పెట్టి కొన్న వేగంలో కొంత భాగం వృథాగా పడి ఉంటుంది. మీ విషయంలో ఆ నష్టం చిన్నది కాదు. 5600జీ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ భాగానికి సొంత మెమరీ ఉండదు, అది మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారి కంటే మీకు ర్యామ్ వేగం ఎక్కువ అవసరం.

ర్యామ్ మీద అంటించిన 3200 అన్న అంకె, దాన్ని బోర్డులో పెట్టగానే దానంతట అదే అందుకునే వేగం కాదు. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించిన మామూలు వేగాల్లో ఒకదానితో, 1.2 వోల్టుల వద్ద, ర్యామ్ మొదట పని మొదలుపెడుతుంది. మీకు కనిపిస్తున్న 2400 అదే. ఇంతకు మించిన వేగాన్ని, దానికి కావలసిన కాలవిరామాలను (టైమింగ్స్‌ను), వోల్టేజిని తయారీదారు ర్యామ్‌లోని చిన్న చిప్‌లో ఒక ప్రొఫైల్‌గా రాసి ఉంచుతాడు. దాన్నే ఎక్స్‌ఎంపీ అంటారు. 3200 వేగం గల చాలా డీడీఆర్4 ర్యామ్‌లకు ఆ ప్రొఫైల్‌లో 1.35 వోల్టులు రాసి ఉంటుంది. కొన్ని ఏఎండీ బోర్డుల్లో ఇదే సర్దుబాటు డీఓసీపీ అన్న పేరుతోనో, ఏ-ఎక్స్‌ఎంపీ అన్న పేరుతోనో కనిపిస్తుంది.

మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచిన మాట, రెండో ర్యామ్ వేరే కంపెనీది అన్నది. ఏ తయారీదారైనా తన ప్రొఫైల్‌ను తన ర్యామ్‌తోనే పరీక్షించి రాస్తాడు తప్ప, మరొక కంపెనీ ర్యామ్ పక్కన పెట్టి పరీక్షించడు. రెండింటి మీదా 3200 అనే రాసి ఉన్నా, లోపలి చిప్‌లు వేరు కావచ్చు, కాలవిరామాలు వేరు కావచ్చు. బోర్డు మాత్రం రెండింటికీ ఒకే రకం అంకెలను వర్తింపజేయాలి కాబట్టి, ఒకదానికి సరిపోయినది రెండోదానికి ఇరుకుగా ఉంటుంది. ఇది మీ బోర్డు లోపమో, ప్రాసెసర్ లోపమో కాకపోవచ్చు. మీ ప్రాసెసర్ అధికారికంగానే డీడీఆర్4 3200 వేగాన్ని అందుకోగలదు.

ఇక చేయవలసిన పని. ముందుగా బయోస్‌లో ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్’ ఎంచుకుని, ఎఫ్10 నొక్కి భద్రపరచి బయటికి రండి. ఇంతకుముందు తెలిసీ తెలియకా మార్చినవన్నీ దీనితో తొలగిపోతాయి. తర్వాత మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటరును దానితోనే బూట్ చేసి, రాత్రంతా నడవనివ్వండి. ఇది విండోస్ లోపల నడిచేది కాదు కాబట్టి దాదాపు మొత్తం ర్యామ్‌ను పరీక్షించగలదు. తెల్లవారేసరికి ఒక్క తప్పు కనిపించినా దాన్ని ఉపేక్షించకూడదు. మామూలు వేగంలోనే తప్పులు వస్తే బయోస్‌తో ఇక పని లేదు. ఒక్కొక్క ర్యామ్‌ను విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించి, తప్పు చూపించినదాన్ని వారంటీలో మార్పించుకోండి. దానికి ముందు ర్యామ్‌ను తీసి, బంగారు రంగు అంచును మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, రెండు చివరలా క్లిప్పులు పడేదాకా నొక్కి పెట్టి మరొకసారి చూడడం మంచిది.

మామూలు వేగంలో రాత్రంతా తప్పు లేకుండా నడిస్తే, అప్పుడు ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. ఆన్ చేసి ఊరుకోకుండా అదే పేజీలో వోల్టేజి 1.35 వద్దకు నిజంగా వచ్చిందో లేదో చూడండి. అది 1.2 వద్దే ఉండిపోయి వేగం మాత్రం పెరిగితే తప్పులు రావడం సహజం. అలాంటప్పుడు 1.35 అని మీరే టైప్ చేయాలి. ఈ మార్పు తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొంతసేపు నల్లగా ఉండి, కంప్యూటరు ఒకటి రెండుసార్లు తనంతట తానే ఆగి మొదలుకావచ్చు. బోర్డు కొత్త వేగానికి ర్యామ్‌ను సరిచూసుకుంటున్న సమయమది, కంగారుపడి స్విచ్ కట్టేయకండి. చాలాసేపటికీ తెర రాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీద సీమాస్‌ను, అంటే బయోస్ సర్దుబాట్లను గుర్తుంచుకునే మెమరీని, క్లియర్ చేసే రెండు పిన్నులను కొన్ని సెకన్లపాటు కలిపితే పాత స్థితికి వస్తుంది.

ఇంత చేసినా 3200 వద్ద తప్పులు వస్తే, ఎక్స్‌ఎంపీని ఆన్‌లోనే ఉంచి, వేగాన్ని మాత్రం 3000కో, అదీ కుదరకపోతే 2933కో తగ్గించండి. కాలవిరామాలు 3200కు రాసినవే ఉండనివ్వండి. వేగం తగ్గినప్పుడు అవే అంకెలు ర్యామ్‌కు కాస్త వెసులుబాటునిస్తాయి. వేరువేరు ర్యామ్‌ల జతలు చాలావరకు ఇక్కడ కుదుటపడతాయి. 3200కు, 2933కు మధ్య తేడాను మీరు కోడ్ రాసేటప్పుడు గానీ, వీడియో చూసేటప్పుడు గానీ గుర్తించలేరు. 2400 నుంచి 2933కు వచ్చిన తేడా మాత్రం ఆటల్లో తెలుస్తుంది. వోల్టేజిని 1.35 దాటించి 3200ను పట్టుకోవడానికి ప్రయత్నించమని నేను చెప్పను. ర్యామ్ తప్పు చేసిన ప్రతిసారీ బ్లూ స్క్రీన్ పడదు. కొన్నిసార్లు ఏ సూచనా లేకుండా మీరు భద్రపరుస్తున్న ఫైలులోనే తప్పు అక్షరం చేరిపోతుంది, అది ఆరు నెలల తర్వాత ప్రాజెక్టు తెరిచినప్పుడు బయటపడుతుంది. ఆ ప్రమాదం ముందు 267 అంకెల వేగం ఏమాత్రం లెక్కలోది కాదు.

మరొక్క మాట. మీ బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే, ర్యామ్‌లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టినప్పుడు రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. పక్కపక్క స్లాట్లలో పెడితే రెండూ ప్రాసెసర్‌కు వెళ్లే ఒకే దారి (చానల్) మీద పడి, మీరు రెండు ర్యామ్‌లు కొన్న ప్రయోజనమే పోతుంది. రెండే స్లాట్లు ఉంటే ఈ చింత లేదు. గ్రాఫిక్స్ కోసం ర్యామ్‌లో ఎంత పక్కన పెట్టాలో నిర్ణయించే ‘యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్’ను ఆటోలో వదిలేయండి. ఏదైనా ఆట గ్రాఫిక్స్ మెమరీ చాలదని చెబితే తప్ప 2 జీబీ ఇవ్వనవసరం లేదు. ఇచ్చిన మేరకు విండోస్‌కు మిగిలే ర్యామ్ తగ్గిపోతుంది.

ప్రశ్న: మాది తెలుగు, ఒడియా శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్. రైజెన్ 3 3200జీ, బీ450 బోర్డు. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) మాత్రం పాత కంప్యూటరువే వాడుకున్నాం. పెద్ద ఫైళ్ల మీద పని చేస్తున్నంతసేపూ బాగుంటుంది. భోజనానికి వెళ్లి వచ్చేసరికి రీస్టార్ట్ అయి ఉంటుంది. విండోస్ రెండుసార్లు కొత్తగా వేయించాం, అయినా అంతే. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని వస్తోంది.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: బరువైన పనిలో నిలబడి, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతోందన్న మాటలోనే సగం జవాబు ఉంది. విండోస్ మళ్లీ వేయించడం వల్ల ఇది పోదు, ఆ ఖర్చు ఇక పెట్టకండి. కెర్నల్-పవర్ 41 అన్నది కారణం పేరు కాదు. కంప్యూటరు పద్ధతి ప్రకారం ఆగకుండా అర్ధాంతరంగా ఆగిందని మాత్రమే విండోస్ అక్కడ రాసుకుంటుంది. దాన్ని తెరిచి వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటే, బ్లూ స్క్రీన్ పడే వ్యవధి కూడా లేకుండా ఆగిందని అర్థం. అటువంటప్పుడు మొదటి అనుమానం విద్యుత్తు మీదికే పోవాలి.

ఈ కాలపు ప్రాసెసర్లు పని లేనప్పుడు గాఢనిద్రలోకి వెళ్లి చాలా కొద్ది కరెంటుతో సరిపెట్టుకుంటాయి. పాతకాలపు ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ వాడకం ఉంటుందని ఊహించి చేసినవి కావు. 12 వోల్టుల తీగ మీద వాడకం దాదాపు లేనట్లుగా పడిపోయినప్పుడు వాటిలో కొన్ని వోల్టేజిని స్థిరంగా ఉంచలేవు. 2013లో ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడే ఈ సంగతి చర్చకు వచ్చింది, వాటి గాఢనిద్రకు 0.05 ఆంపియర్ల వాడకం వద్ద కూడా నిలబడగల ఎస్‌ఎంపీఎస్ కావలసి వచ్చింది. రైజెన్ బోర్డుల్లో ఇందుకోసమే ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే సర్దుబాటు ఉంది. బయోస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీ కింద ‘ఏఎండీ సీబీఎస్’ అనే భాగంలో చూడండి. దాన్ని ఆటో నుంచి ‘టిపికల్ కరెంట్ ఐడిల్’కు మార్చి, ఇంకేమీ ముట్టుకోకుండా రెండు మూడు రోజులు గమనించండి. ఖాళీగా ఉన్నప్పుడు కొద్ది వాట్లు ఎక్కువ ఖర్చవుతాయి, అంతకు మించి నష్టం లేదు. ఆ సర్దుబాటు మీ బోర్డులో లేకపోతే ‘గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్’ను తాత్కాలికంగా డిసేబుల్ చేసి చూడవచ్చు. దానితో రీస్టార్ట్‌లు ఆగిపోతే రోగం ఎక్కడుందో తేలినట్టే.

అయితే ఇది రోగాన్ని గుర్తుపట్టడానికి, కొంతకాలం పని గడుపుకోవడానికి మాత్రమే. పెళ్లిళ్ల సీజన్ ముగిశాక పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 80 ప్లస్ అనే సామర్థ్య గుర్తు ఉన్నది, కొనండి. బడ్జెట్ కంప్యూటర్లలో అందరూ ప్రాసెసర్‌కు డబ్బు పోసి ఎస్‌ఎంపీఎస్ దగ్గర చేయి బిగిస్తారు. నాకు వచ్చే ఉత్తరాల్లో నిలకడ లేదన్న ఫిర్యాదులు ఎక్కువగా తేలేది అక్కడే. బయోస్‌లో ఎన్ని సర్దుబాట్లు చేసినా బలహీనమైన ఎస్‌ఎంపీఎస్‌ను బలమైనదిగా మార్చలేము.

కరెంటు తరచూ పోయి వచ్చే చోట ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ను ‘పవర్ ఆఫ్’లో ఉంచండి. ‘పవర్ ఆన్’లో ఉంటే కరెంటు తిరిగి వచ్చిన క్షణంలోనే, అంటే వోల్టేజి ఇంకా కుదురుకోకముందే, కంప్యూటరు మొదలై, మరు నిమిషంలో కరెంటు మళ్లీ పోతే డిస్క్ మీద రాస్తున్న పని సగంలో తెగిపోతుంది. క్యాబినెట్‌ను తాకితే చేతికి జుమ్మని తగులుతోందా అన్నది కూడా చూడండి. అలా ఉంటే మీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ రొదను వడకట్టే కెపాసిటర్ల గుండా కొద్దిగా కరెంటు క్యాబినెట్‌లోకి వస్తుంది, ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మీ చేతిలోకి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌కు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడుతుంటే దాన్ని ఈరోజే తీసేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఇది బయోస్ విషయం కాకపోయినా, కంప్యూటరుకూ మనిషికీ రెండింటికీ సంబంధించినది కాబట్టి చెప్పకుండా వదలలేను.

ప్రశ్న: ఐ5-12400 ప్రాసెసర్, హెచ్610 బోర్డు, ప్రాసెసర్‌తో వచ్చిన కూలరే వాడుతున్నాను. చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో వీడియో ఎడిటింగ్ చేస్తే 100 డిగ్రీలు చూపించి నెమ్మదిస్తోంది. బయోస్‌లో పవర్ లిమిట్ తీసేస్తే వేగం తగ్గదని ఒకరన్నారు. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: చేయకూడదు. మీరు చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

కూలర్ ప్రాసెసర్‌ను గది వేడి కంటే చల్లగా చేయలేదు. ఒకే పని మీద ప్రాసెసర్ వేడి గది వేడి కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుందో, ఆ తేడా ఇంచుమించు మారదు. చలికాలంలో 26 డిగ్రీల గదిలో 80 చూపించిన కంప్యూటరు, మీ ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల గదిలో 98 చూపిస్తుంది. మీ ప్రాసెసర్‌కు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఆ గీతకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే అది చెడిపోలేదు, చేయవలసిన పనే చేస్తోంది. పరిమితి తీసేస్తే వేడి ఇంకా ముందే ఆ గీతను తాకుతుంది, మీకు వేగం దక్కదు. పైగా చవక హెచ్610 బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం మీద చాలాసార్లు వేడిని లాగే హీట్‌సింక్ ఉండదు, భారం ముందుగా పడేది దాని మీదే.

ఐ5-12400కు ఇంటెల్ చెప్పిన మామూలు శక్తి 65 వాట్లు, కొద్దిసేపు వాడుకోగల గరిష్ఠ శక్తి 117 వాట్లు. చాలా బోర్డులు మొదటి పరిమితిని కూడా రెండోదానితో సమానంగానో, అంతకు మించో పెట్టేస్తాయి. బయోస్ మొదటిసారి తెరిచినప్పుడు కొన్ని బోర్డులు కూలర్ రకాన్ని అడుగుతాయి. అక్కడ వాటర్ కూలర్ ఎంచుకుని ఉంటే పరిమితి దాదాపు ఎత్తేసినట్టే, పవర్ లిమిట్ గడిలో 4096 అనే అంకె కనిపిస్తే దానర్థం అదే. మీరు లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్, అంటే పీఎల్1ను 65కు, షార్ట్ డ్యూరేషన్, అంటే పీఎల్2ను 90 దగ్గరకు పెట్టండి. వీడియో ఎగుమతి కొంచెం ఆలస్యమవుతుంది కానీ, మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా నడుస్తుంది. పరుగెత్తి ఆగి, మళ్లీ పరుగెత్తే కంప్యూటరు కంటే పనివారికి ఇదే మేలని నా గట్టి నమ్మకం. వర్షాలు పడ్డాక మళ్లీ పెంచుకోవచ్చు. రైజెన్ 5600జీ ఉన్నవారు ఇదే పనికి ‘ఎకో మోడ్’నో, ‘సీటీడీపీ’ (శక్తి పరిమితి) 45 వాట్లనో ఎంచుకోవచ్చు, ఆ ప్రాసెసర్‌ను 45 నుంచి 65 వాట్ల మధ్య నడపడానికి తయారీదారే అవకాశం ఇచ్చాడు.

ఫ్యాన్ సర్దుబాటును కూడా ఎండాకాలానికి తగ్గట్టు మార్చాలి. గది వేడే 44 ఉన్నప్పుడు 50 డిగ్రీల వద్ద ఫ్యాన్‌ను వేగం పెంచమంటే అది రోజంతా హోరెత్తుతూనే ఉంటుంది. 60 డిగ్రీల దాకా సగం వేగం, 75 వద్ద నాలుగింట మూడు వంతులు, 85 వద్ద పూర్తి వేగం ఉంచితే సరిపోతుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం, మూడు పిన్నుల ఫ్యాన్‌కు డీసీ ఎంచుకోండి. మూడు పిన్నుల ఫ్యాన్‌ను పీడబ్ల్యూఎంలో పెడితే ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది.

బొగ్గు గనుల ప్రాంతం కాబట్టి హీట్‌సింక్ రెక్కల మధ్య నల్లని దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. వేసవికి ముందొకసారి బ్లోయర్‌తో ఊదించండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. నీళ్లు పోసే కూలర్ గదిలో ఉంటే మంచిదే, పొడి ఎండల్లో గది వేడిని బాగా దించుతుంది, కానీ దాని గాలి తిన్నగా క్యాబినెట్ మీద పడకుండా పక్కకు తిప్పండి.

ప్రశ్న: మాది మహా ఈ-సేవా కేంద్రం. రాత్రి మెయిన్ స్విచ్ ఆపి వెళితే ఉదయానికి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవడం లేదు. ప్రతిరోజూ తేదీ సరిచేసుకోవలసి వస్తోంది.
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: బోర్డు మీద నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. వాచీలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. దాని వోల్టేజి 3, మల్టీమీటరుతో చూస్తే 2.7కు దిగువన ఉంటే మార్చవలసిందే. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు చెల్లుబాటు తేదీలుంటాయి, మీ కంప్యూటరు ఇంకా ఆ తేదీలే రాలేదనుకుంటోంది కాబట్టి వాటిని నమ్మడం లేదు.

బ్యాటరీ మార్చే ముందు చేయవలసినది ఒకటుంది. బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ తీయగానే సర్దుబాట్లు మొదటి స్థితికి పోవచ్చు. ఇతర సర్దుబాట్లు పోతే వేగమో, ఫ్యాన్ చప్పుడో మారుతుంది, కానీ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతిని నిర్ణయించే ‘సాటా మోడ్’ మారితే విండోస్ అసలు తెరుచుకోదు. ఏహెచ్‌సీఐలో వేసిన విండోస్‌కు ఏహెచ్‌సీఐ, రెయిడ్ లేదా వీఎండీలో వేసినదానికి అదే ఉండాలి. అలా ఆగిపోతే భయపడి ఫార్మాట్ చేయించకండి. ఫోటో చూసి పాత మోడ్ తిరిగి పెడితే చాలు, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

ప్రశ్న: ఐ3-8100, హెచ్310 బోర్డు. విండోస్ 10కి మద్దతు ఆగిపోయిందని విండోస్ 11 వేయబోతే టీపీఎం లేదంటోంది. ఎవరో చెప్పారని బయోస్‌లో సీఎస్‌ఎం ఆపేశాను. ఇప్పుడు ఉన్న విండోస్ కూడా రావడం లేదు. పిల్లల మార్కుల జాబితాలన్నీ అందులోనే ఉన్నాయి.
– ఒక ఉపాధ్యాయుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: జాబితాలకు ఏమీ కాలేదు. పాత పద్ధతిలో బూట్ చేయనిచ్చే సీఎస్‌ఎం సర్దుబాటును మళ్లీ ఆన్ చేయండి, పాత విండోస్ వస్తుంది. మొట్టమొదట వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, మిగతా పని ఆ తర్వాతే.

మీ విండోస్ పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్క్ మీద ఉంది. సీఎస్‌ఎం ఆపితే బోర్డు కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే బూట్ చేస్తుంది, దానికి డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి. కాబట్టి డిస్క్‌ను ముందు మార్చి, బయోస్‌ను తర్వాత మార్చాలి. విండోస్ 10లోనే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఫైళ్లు చెరపకుండా ఈ పని చేస్తుంది. దాన్ని అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో, మొదట వ్యాలిడేట్ అన్న ఆదేశంతో పరీక్షించి, అది సరేనన్నాకే కన్వర్ట్ చేయాలి. అది పూర్తయ్యాక బయోస్‌లో సీఎస్‌ఎం ఆపి, ‘ఇంటెల్ పీటీటీ’ని ఎనేబుల్ చేసి, విండోస్ సరిగా వచ్చిందని చూసుకున్నాక సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. టీపీఎం అంటే భద్రతా తాళాలను దాచి ఉంచే భాగం, పీటీటీయే మీకు కావలసిన టీపీఎం. విడిగా చిప్ కొననవసరం లేదు. ఎనిమిదో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కు మీ కంప్యూటరు అర్హమైనదే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత భద్రతా సవరణలకు గడువు ముగిసింది కాబట్టి మీ తొందరలో న్యాయముంది.

రైజెన్ కంప్యూటర్లలో దీని పేరు ‘ఎఫ్‌టీపీఎం’. అది ఆన్ చేశాక అప్పుడప్పుడు తెర, ధ్వని క్షణకాలం ఆగి సాగుతుంటే, 2022లో ఏఎండీ ఆ లోపాన్ని గుర్తించి బయోస్ అప్‌డేట్ ద్వారా సరిచేసింది. బోర్డు కంపెనీ సైటులో ఆ తర్వాతి బయోస్ తెచ్చుకోవాలి.

ప్రశ్న: ఐ3-12100ఎఫ్, హెచ్610 బోర్డు, ఒక 8 జీబీ ర్యామ్. ఓవర్‌క్లాక్ ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, మల్కన్‌గిరి

జవాబు: హెచ్610 బోర్డు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే దాన్ని నిర్ణీత వేగం మించి నడపడానికి, అనుమతించదు, మీ ప్రాసెసర్ కూడా దానికి ఉద్దేశించినది కాదు. బయోస్‌లో వెతికి సమయం పోగొట్టుకోవద్దు. అదే కంపెనీ, అదే మోడల్ ర్యామ్ మరొకటి కొని రెండో స్లాట్‌లో పెడితే రెండు చానళ్లూ పని చేస్తాయి. దానివల్ల కలిగే మేలు ఓవర్‌క్లాకింగ్‌తో ఆశించేదాని కంటే స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: బీ450 బోర్డు మీద రైజెన్ 5 2600 నడుస్తోంది. దాని స్థానంలో 5600 వేయాలంటే బయోస్ అప్‌డేట్ చేయాలంటున్నారు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుందని విని భయపడుతున్నాను.
– ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: భయం అకారణం కాదు, కానీ జాగ్రత్తతో దాటవచ్చు. అన్నీ సరిగా నడుస్తున్న కంప్యూటరుకు కొత్తది వచ్చిందని బయోస్ మార్చమని నేను ఎవరికీ చెప్పను. కొత్త ప్రాసెసర్ వేయడం, భద్రతా లోపం, మీరు పడుతున్న ఇబ్బందికే వచ్చిన సవరణ వంటివే తగిన కారణాలు. మీ కారణం తగినదే.

పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే అప్‌డేట్ చేయాలి. 5600 పెట్టాక చేయబోతే తెరే రాదు. కంపెనీ సైటులో మీ బోర్డుకు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో 5600 ఎదుట ఏ బయోస్ నంబరు ఉందో చూసి, అది గానీ తర్వాతిది గానీ తీసుకోండి. మధ్యలో ముందుగా వేయవలసిన బయోస్ ఏదైనా ఉందని అక్కడ రాసి ఉంటే దాన్ని దాటవేయకండి. కొత్త ప్రాసెసర్లకు చోటు చేయడానికి కొన్ని బీ450 బోర్డుల్లో కొన్ని పాత ప్రాసెసర్ల మద్దతు తీసేశారు, కాబట్టి వెనక్కి వెళ్లే దారి ఉండకపోవచ్చునని ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయోస్ మారినా, ప్రాసెసర్ మారినా టీపీఎంలోని తాళం పోయి విండోస్ ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే డిస్క్‌లోని ఫైళ్లు మీకే అందవు. ఫైలును ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి, విండోస్ ప్రోగ్రాము ద్వారా కాకుండా బయోస్‌లోనే ఉన్న అప్‌డేట్ సాధనంతో చేయండి. కంప్యూటరును యూపీఎస్ మీద ఉంచాలి, ఆ యూపీఎస్ ముందురోజు ప్లగ్ పీకి చూసినప్పుడు కనీసం పది నిమిషాలు నిలబడినదై ఉండాలి. లేకపోతే అలాంటిది ఎవరిదగ్గరైనా తెచ్చుకోండి. గాలివానలు లేని రోజు, ఉదయం పూట మొదలుపెట్టండి. పని జరుగుతున్నంతసేపూ మీటలు నొక్కవద్దు. పూర్తయ్యాక డీఫాల్ట్స్ లోడ్ చేసి, పాత ప్రాసెసర్‌తోనే ఒకసారి విండోస్ వచ్చిందని చూసుకుని, ఆ తర్వాత ప్లగ్ పీకి 5600 అమర్చండి.

ఫైలు దింపుకునే ముందు బోర్డు మీద ముద్రించిన పూర్తి పేరుతో పాటు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే రివిజన్ నంబరు కూడా చూడండి. ఒకే పేరుతో 1.0, 2.0 అని రెండు రకాల బోర్డులు వచ్చి ఉంటే వాటి బయోస్ ఫైళ్లు వేరువేరుగా ఉంటాయి.